గేదెల దొడ్డి దారి

సింగపూర్‌లో లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్‌ మెట్లెక్కి బయటికొస్తే ముందుగా పలకరించేది బఫెలో రోడ్డు. రోడ్డని పేరే గానీ చూడ్డానికి కూరగాయల సందు. కట్టలు కట్టిన మునక్కాడలు, తడిగుడ్డ కింద కరివేపాకు, చుట్టలు చుట్టిన అరటాకులు, దండలు గుచ్చడానికి పోసిపెట్టిన మల్లెమొగ్గలు. పక్కనే ఇంకో సందు, దాని పేరు కెర్బావ్ రోడ్డు. మలయ్ భాషలో కెర్బావ్ అంటే గేదె. ఒకే జంతువు పేరు రెండు భాషల్లో రెండు వీధులకు పెట్టారన్నమాట. ఇంకాస్త ముందుకెళ్తే ఆ దేశంలో ఎవరినడిగినా చెప్పే ప్రసూతి ఆసుపత్రి. అందరూ కేకే అంటారు. ఆ రెండు అక్షరాలనూ విప్పితే కండాంగ్ కెర్బావ్ అని వస్తుంది, అంటే అచ్చంగా గేదెల దొడ్డి. పేర్లలో ఇన్ని గేదెలున్నాయి గానీ వీధిలో ఒక్కటీ కనిపించదు.

సింగపూర్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ప్లాను ప్రకారం కట్టిన ఊరు. చెట్టు ఎక్కడుండాలో, చెత్తబుట్ట ఎక్కడుండాలో కూడా ఎవరో ముందే గీసిపెట్టిన నగరం. ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఈ సిరంగూన్ రోడ్డూ, దాని చుట్టూ అల్లుకున్న సందులూ మొదట్లో ఎవరి ప్లానులోనూ లేవు. భారతీయులు ఫలానా చోట ఉండాలని దొరలు గీసిన చోటు వేరు, భారతీయులు నిజంగా స్థిరపడిన చోటు వేరు. ఈ రెంటికీ నడుమ ఉన్న దూరం నడిస్తే అరగంట. ఆ అరగంట నడకలో మూడో ప్రపంచ నగరాలు ఎలా పుట్టాయో చాలావరకు కనిపిస్తుంది.

గీసిన చోటుతోనే మొదలుపెడదాం. 1819 ఫిబ్రవరి 6న స్టాంఫర్డ్ రాఫెల్స్ జొహోర్ సుల్తాన్ హుస్సేన్‌తోనూ, తెమెంగ్గాంగ్ అబ్దుల్ రహ్మాన్‌తోనూ ఒప్పందం రాసుకుని ఈస్టిండియా కంపెనీకి అక్కడ ఒక వ్యాపార కేంద్రం సంపాదించాడు. సుంకం లేని రేవు కావడంతో మూడేళ్లు తిరిగేసరికి జనం ముంచెత్తారు. 1824లో తలలు లెక్కపెడితే 10,683 మంది తేలారు. అందులో మలయ్‌లు 4,580, చైనావాళ్లు 3,317, సులవేసి దీవి నుంచి వచ్చిన బుగిస్‌లు 1,925, భారతదేశం నుంచి వచ్చినవాళ్లు 756, ఐరోపావాళ్లు 74, ఆర్మీనియన్లు 16, అరబ్బులు 15. పదివేల పైచిలుకు జనమున్న ఊళ్లో ఇన్ని జాతులు కలిసి ఎలా బతుకుతాయన్నది పాలకుల బెంగ. దానికి వాళ్లు కనిపెట్టిన మందు రూళ్లకర్ర.

1822 నవంబరులో రాఫెల్స్ పట్టణ సంఘానికి ఆదేశాలిచ్చాడు. లెఫ్టినెంట్ ఫిలిప్ జాక్సన్ వాటిని నక్షాగా గీశాడు. సింగపూర్ నదికి నైరుతి ఒడ్డు చైనావాళ్లకు. తూర్పున కంపోంగ్ గ్లాం అరబ్బులకూ బుగిస్‌లకూ, సుల్తాను పరివారానికీ. నడుమ గాలీ వెలుతురూ ఉన్న సముద్రతీరం ఐరోపావాళ్లకు. నదికి ఎగువన ఒక ముక్క చూలియాలకు. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన తమిళ ముస్లిం వర్తకుల పేరు చూలియా, ఆ ముక్కకు చూలియా కంపోంగ్ అని పేరు పెట్టారు. మన మద్రాసులో నల్లవాళ్ల పట్నం, తెల్లవాళ్ల పట్నం అని గోడ కట్టినవాళ్లే ఇక్కడ గోడ లేకుండా గీతతో సరిపెట్టారు. వలస రాజ్యాల రేవు పట్టణాలన్నింట్లోనూ ఈ గీత ఏదో ఒక రూపంలో ఉంది. కలకత్తా, రంగూన్, బటావియా... ఎక్కడ చూసినా ఇదే లెక్క. వచ్చినవాడు ఏ జాతివాడో ముందు చూడు, తర్వాత చోటు చూపించు.

రాఫెల్స్ ఆదేశాల్లో ఇంకో మాట కూడా ఉంది. ప్రతి కొట్టు ముందూ బాటసారులు ఎండావానల్లో తలదాచుకునేలా వసారా ఉండాలన్నాడు. ఐదడుగుల వెడల్పు కాబట్టి దాన్ని మలయ్‌లో ‘కాకి లిమా’, అంటే ఐదు అడుగులు, అన్నారు. నడకదారిగా గీసిన ఆ వసారాను జనం బజారు చేసుకున్నారు. పూలమ్మేవాడు, చిల్లర మార్చేవాడు, చిలకజోస్యం చెప్పేవాడు, కుట్టు మిషన్ వేసుకున్న దర్జీ ఐదడుగుల్లోనే సర్దుకున్నారు. గీతలు గీసేవాళ్లకు మొదటి దెబ్బ అక్కడే తగిలిందని చెప్పుకోవచ్చు.

చూలియాలతో పాటు వినిపించిన మరో పేరు మనకు ఇంకా దగ్గరది. మలయ్‌లు భారతీయులను ‘కెలింగ్’ అనేవారు, ఇంగ్లీషువాళ్ల నోట్లో అది ‘క్లింగ్’ అయింది. మాట మూలం కళింగం. మహానది నుంచి గోదావరి దాకా ఉన్న తీరం నుంచి ఓడలు తూర్పు దీవులకు వెళ్లిన కాలపు జ్ఞాపకం ఆ మాటలో ఉండిపోయింది. రోజులు గడిచేకొద్దీ అది తిట్టుగా మారింది. సింగపూర్‌లో క్లింగ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉండేది. మమ్మల్ని అవమానించే పేరది అని భారతీయులు అభ్యంతరం చెప్పగా 1920ల మొదట్లో దాన్ని చూలియా స్ట్రీట్‌గా మార్చారు. ఒక రాజ్యం పేరు తూర్పు తీరం దాటి వెళ్లి అక్కడ తిట్టుగా తేలడం కళింగం కథలో పెద్దగా ఎవరూ చెప్పని ఘట్టం. ఇంకో మాట మాత్రం గౌరవంగానే మిగిలింది. మలయ్ మగవాళ్లు ఇంట్లో కట్టుకునే గళ్ల లుంగీని ‘కైన్ పెలికాట్’ అంటారు. ఆ పెలికాట్ మన పులికాట్. నేత ఎక్కడిదైనా, ఎగుమతి చేసిన రేవు పేరు బట్టకు అంటుకుంది.

ఇక గీయని చోటుకు వద్దాం. ఊరు దాటాక బురద నేలల మీదుగా దీవి అవతలకు పోయే బాట ఒకటి ఉండేది. అదే సిరంగూన్ రోడ్డు. దాని పక్కన రొచోర్ నదీ, దానిలో కలిసే పిల్ల వాగులూ. లోతట్టు నేల, ఎప్పుడూ తడే. ఇళ్లు కట్టుకోవడానికి పనికిరాదు. అయితే ఆ నేల కింద మంచి బంకమట్టి ఉంది, పైన గడ్డి ఉంది. ఈ రెండూ చాలు, ఆ తర్వాత జరిగిందంతా వాటి మూలంగానే.

మట్టి కథ ఖైదీలది. 1825 ఏప్రిల్‌లో బెంకూలెన్ నుంచి మొదటి విడత భారతీయ ఖైదీలు దిగారు. ముందు మద్రాసు రాజధాని ఖైదీలు 80 మంది, వారం తిరిగేసరికి బెంగాల్ వాళ్లు 122 మంది. అంతకుముందు ఏడాది ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ ఒప్పందం చేసుకుని సుమత్రాలోని బెంకూలెన్‌ను డచ్చివాళ్లకు వదిలేశారు. దాంతో అక్కడి ఖైదీలను ఇక్కడికి తరలించారు. 1873లో మూసేదాకా సింగపూర్ ఒక జైలు కూడా. రోడ్లు వేసిందీ, వాగులకు వంతెనలు కట్టిందీ, అడవి కొట్టిందీ వీళ్లే. ఖైదీలకు కాపలా కూడా ఖైదీలే. జైలు నడిపిన మేజర్ మెక్‌నెయిర్ 1899లో రాసిన పుస్తకానికి పేరే ‘ఖైదీలే తమ కాపలాదారులు’ అన్న అర్థంలో పెట్టాడు.

సిరంగూన్ రోడ్డు పక్కన సర్కారు ఇటుక బట్టీలు వెలిశాయి. కాల్చేది ఖైదీలే. ఆ ఇటుకలకు 1867లో ఆగ్రా ప్రదర్శనలో పతకం కూడా వచ్చింది. ఇటుకతో పాటు సున్నం కావాలి కదా, దానికి సున్నపు బట్టీలు. అక్కడి తమిళులు ఆ ప్రాంతాన్ని ‘సుణ్ణాంబు కంబం’ అన్నారు. మలయ్‌లో పల్లెను కంపోంగ్ అంటారు, అది తమిళుల నోట్లో కంబం అయింది. సున్నపు పల్లె అని అర్థం. ఇప్పటికీ జనం కిటకిటలాడే వీరమాకాళి అమ్మన్ గుడిని పాతతరంవాళ్లు సుణ్ణాంబు కంబం కోవెల అనే పిలిచేవారు.

ఆ సున్నం ఎటు పోయిందో చూడాలంటే ఊరి నడుమ ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చికి వెళ్లాలి. 1856లో పునాది వేసి, 1862లో ప్రతిష్ఠ చేశారు. తెల్లగా మెరిసే ఆ గోడల పూతకు మద్రాసు చునం అని పేరు. తయారీ మెక్‌నెయిరే రాశాడు. ఇసుక కలపని గుల్ల సున్నం తీసుకోవాలి. గుడ్డు తెల్లసొనను ముతక చక్కెరతో కలిపి బాగా గిలక్కొట్టి అందులో చేర్చాలి. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు పోసి మెత్తగా కలపాలి. గోడకు మెత్తాక నున్నటి రాయితో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. చదువుతున్న తెలుగువాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. డంగు సున్నం పేరుతో మన గడీల్లోనూ, గుళ్లలోనూ, బెల్లమూ కరక్కాయా కలిపి గానుగాడిన సున్నంతో కట్టిన పాత మేడల్లోనూ ఉన్నది ఈ విద్యకు దగ్గరి చుట్టమే. మద్రాసు రాజధాని అంటే అప్పట్లో గంజాం నుంచి తిరునెల్వేలి దాకా. ఆ సొన గిలక్కొట్టిన చేతులు ఏ జిల్లావో జైలు లెక్కల్లో రాసి ఉండొచ్చు గానీ గోడ మీద రాసి లేదు.

శిక్ష తీరిన ఖైదీలు ఎటు పోయారు? చాలామంది ఇంటికి పోలేదు. జైలుండేది బ్రాస్ బసా దగ్గర, సిరంగూన్ రోడ్డుకు కూతవేటు దూరం. విడుదలైనవాళ్లలో కొందరు బండ్లు తోలారు, కొందరు ఆవుల్ని పెట్టుకుని పాలమ్మారు. తెలిసిన దారి, తెలిసిన పని, తెలిసిన మనుషులు. వలసల గురించి భూగోళశాస్త్రం పుస్తకాల్లో గెంటే కారణాలు, లాగే కారణాలు అని రెండు జాబితాలు రాస్తారు. మూడోది ఒకటుంది, దానికి ఆ జాబితాల్లో చోటు తక్కువ. మనిషి ఇప్పటికే ఎక్కడ నిలబడి ఉన్నాడన్నది.

మట్టి తర్వాత గడ్డి. వాగుల పక్కన బురదగుంటల్లో గేదెలు పడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దీవిలో లేదు. పందొమ్మిదో శతాబ్దపు రేవుకు పశువే ఇంజను. సరుకు లాగేది అదే, గానుగ తిప్పేది అదే. ఇంటింటికీ మంచినీళ్లు మోసేది ఎద్దుబండే. చైనావాళ్ల పేటకు మలయ్ పేరు ‘క్రేటా అయెర్’, అంటే నీళ్ల బండి. ఆ బండ్లు కట్టే ఎడ్లూ, పాడి గేదెలూ, కోతకు వచ్చే గొర్రెలూ ఓడల్లో దిగి సిరంగూన్‌ దొడ్లకు చేరేవి. ఆ వ్యాపారంలో పెద్ద చెయ్యి కలకత్తా నుంచి వచ్చిన యూదు వర్తకుడు ఐజాక్ రాఫెల్ బెలిలియోస్‌ది. బెలిలియోస్ రోడ్డు, బెలిలియోస్ లేన్ ఇప్పటికీ ఉన్నాయి. పశువుంటే మేపేవాడు కావాలి, పాలు పితికేవాడు కావాలి, గడ్డి కోసేవాడూ, లాడం కొట్టేవాడూ, బండి చక్రం చేసేవాడూ కావాలి. భారతీయులు ఒకరి వెనక ఒకరు చేరారు. 1840ల్లో పక్కనే ఐరోపావాళ్ల గుర్రప్పందేల మైదానం వెలిస్తే గుర్రాల దగ్గర పనికీ వీళ్లే కావలసి వచ్చారు.

అందుకే చూలియా కంపోంగ్ నక్షాలో మిగిలింది, సిరంగూన్ నేల మీద పెరిగింది. దొర గీసిన పేటకు నదీ, గోదాములూ ఉన్నాయి గానీ కూలివాడికి అక్కడ దొరికేది మోత పని ఒక్కటే. ఇక్కడ ఒక ఊరు నిలబడటానికి కావలసినవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని వచ్చాయి.

అవి వచ్చాక దేవుడూ వచ్చాడు. 1851లో ఊరి పెద్దలు ఈస్టిండియా కంపెనీ దగ్గర 26 రూపాయల 8 అణాలకు స్థలం కొన్నారు. 1855 నాటికి అక్కడ నరసింహ పెరుమాళ్ కోవెల లేచింది. ఇప్పుడది శ్రీనివాస పెరుమాళ్ ఆలయం. ఎదురుగా కూరగాయ తోటలూ, తమలపాకు పాదులూ ఉండేవట. అణాల దాకా లెక్క గుర్తు పెట్టుకున్న ఆ సంగతి ఆలయ చరిత్ర చెప్పేవాళ్లు ఎవరూ వదలరు.

ఇంత చెప్పాక తెలుగువాళ్లు ఎక్కడని అడగాలి. ఉన్నారు, కానీ కొద్దిమంది. దీనికి జవాబు ఓడల దారుల్లో ఉంది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి తెలుగు కూలీలు ఎక్కిన ఓడలు ఎక్కువగా రంగూన్ పోయేవి. అక్కడ ఏ ఊరివాడైనా తెలుగువాడి పేరు ‘కోరంగీ’యే. రంగూన్ రేవులో బస్తాలు మోసింది వాళ్లే, 1930 మే నెలలో బర్మా కూలీలతో గొడవల్లో ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్లే. మలయా, సింగపూర్ల వైపు ఓడలు నాగపట్నం, మద్రాసుల నుంచి కదిలేవి. కాబట్టి అటు తమిళ జిల్లాల మనుషులే నిండారు. రబ్బరు తోటలకు కూలీలను చేర్చే కంగాణీలు తమ ఊరివాళ్లనే తీసుకెళ్లేవారు, ఆ ఊళ్లు మళ్లీ ఆ జిల్లాలవే. 1931 జనాభా లెక్కల్లో మలయాలో తమిళులు ఐదు లక్షల పైచిలుకు, తెలుగువాళ్లు ముప్పై వేల పైచిలుకు. బతుకుతెరువు వెతుక్కునేవాడు దేశపటం చూసి బయల్దేరడు. రేవులో ఏ ఓడ ఉందో, ముందు వెళ్లినవాడు ఏ ఓడెక్కాడో చూస్తాడు.

సిరంగూన్ రోడ్డును ఉత్త భారతీయుల వీధి అనుకుంటే అదీ పొరపాటే. కెర్బావ్ రోడ్డు మీద రంగురంగుల తలుపులతో మెరిసే పాత మేడ ఒకటుంది, యాత్రికులంతా దాని ముందు ఫొటో దిగుతారు. అది తాన్ టెంగ్ నియా అనే చైనా మిఠాయి వ్యాపారి 1900లో కట్టించిన ఇల్లు. అంగడికి జనం వాడే టెక్కా అన్న పేరు కూడా చైనా మాటే, హొక్కియెన్ యాసలో ‘చిన్న వెదుళ్ల మొదలు’ అని అర్థం. వాగు ఒడ్డున వెదురు పొదలుండేవి. బర్మాలో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫర్నివాల్, ఇలాంటి వలస పట్టణాల్లో జాతులు అంగట్లో తప్ప ఇంకెక్కడా కలవవని గమనించి బహుళ సమాజం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. టెక్కా అంగడి ఆ మాటకు సరిపోయే బొమ్మే. కాకపోతే ఫర్నివాల్ అంగడిని తక్కువ చేసినట్టుంది. చేపలమ్మే చైనా ఆడమనిషి తమిళంలో బేరమాడటం, మసాలా నూరే తమిళుడు మలయ్‌లో జవాబివ్వడం కూడా కలయికే కదా.

1930ల నడుమ పురపాలకులు ఆ ప్రాంతంలో పశువుల్ని ఉంచరాదని నిషేధించారు. నేల ఎండింది, వాగులు కాలవలయ్యాయి, ఇళ్లూ కొట్లూ నిండాయి. గేదె పోయింది, పేరు మిగిలింది. జపాన్ వచ్చింది, పోయింది. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపడి సింగపూర్ ఒంటరిగా నిలబడింది.

అప్పటి సింగపూర్ ఇప్పటి సింగపూర్ కాదు. నగరం నడిబొడ్డున ఒక్కో గదిని తడికెలతో చీల్చి కుటుంబానికొక ముక్క. అంచుల్లో తాటాకు కప్పుల కంపోంగ్‌లు. 1961 మే 25న బుకిట్ హో స్వీ పేటలో నిప్పు అంటుకుంటే దాదాపు 16,000 మంది ఒక్క రోజులో ఇల్లు లేనివాళ్లయ్యారు. అంతకు ఏడాది ముందే పుట్టిన గృహ నిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఆ బూడిద మీదే బహుళ అంతస్తులు లేపింది. 1966లో భూసేకరణ చట్టం వచ్చింది. జనాన్ని కంపోంగ్‌ల నుంచి లేపి ఫ్లాట్లలో పెట్టారు. ఇప్పుడు దేశ ప్రజల్లో పదిమందిలో సుమారు ఎనిమిదిమంది ఆ ఫ్లాట్లలోనే ఉంటారు. సముద్రాన్ని పూడ్చి నేలను కూడా పెంచారు. 1960ల్లో 580 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న దేశం ఇప్పుడు 730 దాటింది.

ఆ రోజుల్లో గేదెల దొడ్డి ఆసుపత్రిలో మంచాలు చాలేవి కావు. 1924 నుంచి అది ప్రసూతి ఆసుపత్రి. 1966లో ఒక్క ఏడాదిలో అక్కడ 39,835 మంది పుట్టారు. ఒక ఆసుపత్రిలో ఏడాదిలో అన్ని కాన్పులు ప్రపంచంలో మరెక్కడా లేవని గిన్నెస్ పుస్తకంలో రాశారు. సర్కారుకు అది గర్వంగా కాదు, గుండెదడగా ఉంది. అదే ఏడాది కుటుంబ నియంత్రణ బోర్డు పెట్టారు, తర్వాత ‘ఇద్దరు చాలు’ అన్నారు. మూడో బిడ్డకు ఆసుపత్రి ఫీజు పెంచారు, బడి సీట్లలో వెనక్కి నెట్టారు. జనం మరీ బుద్ధిగా విన్నారు. 1987లో ‘పెంచగలిగితే ముగ్గురు, ఇంకా ఎక్కువైనా సరే’ అని మాట మార్చినా లాభం లేకపోయింది. 2023లో ఒక్కో మహిళకు సగటు కాన్పులు 0.97. వర్ధమాన దేశాల జనాభా మార్పును పాఠ్యపుస్తకాల్లో నాలుగు దశల గ్రాఫుగా గీస్తారు. కేకేలో పాత నర్సులకు ఆ గ్రాఫు మంచాల లెక్కలోనే తెలిసి ఉంటుంది.

1982లో రోడ్డుకు అవతలివైపు కొత్త మార్కెట్ కట్టి పాత టెక్కాను అక్కడికి మార్చారు. చైనా పేర్లన్నీ ప్రామాణిక మాండరిన్‌లో ఉండాలని అప్పటి ఉత్సాహం. కాబట్టి బోర్డు మీద టెక్కా కాస్తా ‘జూజావ్’ అయింది. అర్థం అదే, వెదుళ్ల మొదలే. కానీ ఆ పేరు హొక్కియెన్ ముసలమ్మకూ పట్టలేదు, తమిళ దుకాణదారుకూ నోరు తిరగలేదు. జనం టెక్కా అంటూనే ఉన్నారు. పద్దెనిమిదేళ్లు చూసి చూసి 2000లో సర్కారే బోర్డు మార్చింది. సింగపూర్‌లో సర్కారు ఓడిపోయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఒకటి కూరగాయల బజారులో జరిగింది.

అసలు వింత 1989లో ఉంది. ఆ ఏడాది మార్చిలో హెచ్‌డీబీ ఫ్లాట్లకు జాతుల వాటా పెట్టారు. ఏ జాతీ ఒకేచోట గుమిగూడకూడదు. భారతీయులూ ఇతరులూ కలిసి పేట మొత్తంలో 10 శాతం, ఒక్కో బ్లాకులో 13 శాతం మించరాదు. 2010లో వీటిని 12, 15 చేశారు. చైనావాళ్ల వాటా నిండిన బ్లాకులో ఫ్లాటు అమ్ముకునే భారతీయుడు చైనావాళ్లకు అమ్మడానికి వీల్లేక తక్కినవాళ్లలోనే కొనేవాణ్ని వెతుక్కోవలసి వచ్చేది, ధర తగ్గించుకోవలసి వచ్చేది. జాక్సన్ గీసిన గీత విడదీయడానికైతే, ఈ గీత కలపడానికి. అయినా రెంటి పద్ధతీ ఒకటే, ముందు జాతి చూసి తర్వాత తలుపు తీయడం.

ఇక ఆ ఏడాదే జులై 7న సిరంగూన్ పాత వీధుల్ని లిటిల్ ఇండియా పేరుతో వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. పాత కొట్ల ముఖాలు చెరపకూడదు, ఐదడుగుల వసారాలు మూయకూడదు. మార్చిలో భారతీయుల్ని దేశమంతా చల్లారు, జులైలో భారతీయుల వీధిని భద్రం చేశారు. ఈ రెండు నిర్ణయాల వెనకా సదుద్దేశమే ఉండొచ్చు. కానీ ఫలితంగా అక్కడ మిగిలింది భారతీయులు కాపురముండే వీధి కాదు, వచ్చిపోయే వీధి. లిటిల్ ఇండియా అన్న పేరు కూడా పర్యాటకుల కోసం పుట్టింది. పాతవాళ్లకు అది టెక్కాయే.

వచ్చిపోయేవాళ్లలో ఇప్పుడు రెండు రకాలు. ఒకరు ఆదివారం మధ్యాహ్నం నుంచి కనిపిస్తారు. కట్టడాల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో పనిచేసే బంగ్లాదేశ్, తమిళనాడు, తెలుగు రాష్ట్రాల కుర్రాళ్లు. ఊరి అంచుల్లో కట్టిన డార్మిటరీల నుంచి బస్సుల్లో వస్తారు. ఇంటికి డబ్బు పంపడం, ఫోన్‌కు రీఛార్జి, ఊరివాళ్లతో గడ్డిలో కూర్చుని నాలుగు మాటలు. ఒకప్పటి ఖైదీల్లాగే ఇప్పటి సింగపూర్‌ను కట్టేది వీళ్లే, కానీ వీళ్లకు అందులో కాపురం లేదు. 2013 డిసెంబరు 8 రాత్రి ఒక కార్మికుడు బస్సు కింద పడి చనిపోతే గుంపు రెచ్చిపోయి పోలీసు వాహనాలనూ, ఒక అంబులెన్సునూ తగలబెట్టింది. నలభై ఏళ్లకు పైగా అల్లరి ఎరగని దేశం ఉలిక్కిపడింది. 2015 చట్టంతో అక్కడ మద్యం మీద ప్రత్యేక ఆంక్షలు వచ్చాయి. 2020లో కరోనా మూడు లక్షల మందికి పైగా ఉన్న ఆ డార్మిటరీల్లో అంటుకున్నాకే, వాటిలో మంచాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చాలామంది సింగపూర్ వాళ్లకు తెలిసింది.

రెండో రకం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ, బ్యాంకు ఉద్యోగాలకూ వచ్చినవాళ్లు. తెలుగువాళ్ల సంఖ్య పెరిగింది వీళ్లతోనే. కొత్తగా వచ్చినవాళ్లు ఊహించరు గానీ సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది. రబ్బరు తోటల కాలపు మలయా తెలుగు కుటుంబాల సంతతికీ, హైదరాబాద్ నుంచి నిన్న దిగిన వాళ్లకూ ఉగాది పచ్చడే ఉమ్మడి. ఆవకాయా, సోనా మసూరీ, గోంగూర కట్టా కావాలంటే అందరూ టెక్కాకో, ఒకప్పుడు రాత్రంతా తెరిచి ఉంచిన ముస్తఫా అంగడికో రావలసిందే.

ఈ గీతల పిచ్చి ఒక దశలో కృష్ణ ఒడ్డుకూ చేరింది. 2014 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సింగపూర్‌తో ఒప్పందం రాసుకుంది. 2015లో సింగపూర్ సంస్థలు 29 గ్రామాల మీద 217 చదరపు కిలోమీటర్ల అమరావతిని గీసి ఇచ్చాయి. 2019లో ప్రభుత్వం మారాక స్టార్టప్ ప్రాంతపు ఒప్పందం రద్దయింది, మళ్లీ ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి. అమరావతి బొమ్మలు చూసి మనవాళ్లు సింగపూర్‌ను తలచుకున్నంతగా, సింగపూర్‌లో ఎవరూ గీయకుండా పెరిగిన చోటు ఒకటుందని తలచుకున్నట్టు లేదు.

ఏటా జనవరిలో మాత్రం గేదెల దొడ్డికి పశువులు తిరిగొస్తాయి. పొంగల్ రోజుల్లో క్యాంప్‌బెల్ లేన్ దగ్గర పందిరి వేసి, దీవి వాయవ్య మూలన ఉన్న పాడి క్షేత్రం నుంచి లారీలో ఆవుల్నీ, దూడల్నీ, మేకల్నీ తెచ్చి కట్టేస్తారు. కనుమనాడు కొమ్ములకు పసుపూ కుంకుమా పెడతారు. చుట్టూ కంచె. హెచ్‌డీబీ ఫ్లాట్ల పిల్లలు చైనావాళ్లూ, మలయ్‌లూ, మనవాళ్లూ వరసలో నిలబడి వంతు కోసం చూస్తారు. గడ్డి పరక చేతికిస్తే కొందరు ఆవు నోటిదాకా పోనిచ్చి, ఆ గరుకు నాలుక తగలగానే కెవ్వున చెయ్యి లాక్కుంటారు. పేడ పడీపడగానే ఎత్తేయడానికి ఒక మనిషి చీపురూ బకెట్టూ పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాడు. బఫెలో రోడ్డు అక్కడికి ఐదు నిమిషాల నడక.